పన్నెండో ఫ్రేము

1968 నవంబరు 17, ఆదివారం. తార్నాక, మేము అద్దెకున్న ఇల్లు. ఉన్నవాళ్ళు: నేను, నా భార్య, ముందు వాటాలో ఉండే ఇంటి యజమానురాలు, లైబ్రరీలో నాతోపాటు పనిచేసే మిత్రుడు. ఉదయం తొమ్మిదిన్నర. పలచని మబ్బు.

ఆ రోజు డైరీ పేజీ ఇలా మొదలవుతుంది. అప్పుడు నేను యూనివర్సిటీ లైబ్రరీలో కొత్త పుస్తకాలకు కార్డులు రాసేవాణ్ణి. మిత్రుడు పుస్తకాలిచ్చే కౌంటరులో కూర్చునేవాడు. నాకంటే ఆరేళ్ళు చిన్న. ఇద్దరికీ ఫోటోల పిచ్చి. క్యాంపస్‌లోని స్టాఫ్ క్లబ్బువాళ్ళు ఏటా పోర్ట్రెయిట్ల పోటీ పెట్టేవారు. అంతకుముందు రెండేళ్ళూ మొదటి బహుమతి అతనికే వచ్చింది. నాకు ఏదీ రాలేదు. ఈసారి ఫోటోలివ్వడానికి గడువు సోమవారం ఉదయం పది గంటలు.

నాది రెండు కటకాల మంచి కెమెరా. అతనిది డబ్బా కెమెరా. అందులో సరిచేయడానికి ఏమీ ఉండదు, చూసి నొక్కడమే. నేను ప్రతి ఫోటోకూ వెలుతురు, దూరం, సమయం నోటుబుక్కులో రాసుకునేవాణ్ణి. కెమెరా అద్దంలో ఫోకస్ కనిపిస్తున్నా నమ్మకం చాలక, దర్జీ టేపుతో ఎదుటివాళ్ళ ముక్కు దాకా కొలిచేవాణ్ణి. పెళ్ళయిన రెండేళ్ళలో నా భార్యను నలభై ఒక్కసార్లు తీశాను. నలభై ఒక్కటీ నోటుబుక్కులో ఉన్నాయి. అన్నిట్లోనూ ఆమె గుర్తింపు కార్డు కోసం కూర్చున్నట్టే ఉంటుంది.

ఆ ఆదివారం ఆమెను వాకిట్లో ఉత్తరం గోడ పక్కన కుర్చీలో కూర్చోబెట్టి ముక్కు దగ్గర టేపు పట్టాను.

"జర నవ్వు," అన్నాను.

"ముక్కు కాడ టేపు పెట్టి నవ్వమంటే ఎట్ల నవ్వొస్తది? జాకెట్టుకు కొలతలు తీస్తున్నట్టున్నది."

యజమానురాలు గడప మీద కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది. "సారూ, తొందరగ కానియ్యిన్రి. పొయ్యి మీద కూర మాడుతది, పిల్ల మొఖం గూడ మాడుతది," అంది.

ఎనిమిది ఫోటోలు తీశాను. అప్పుడే సైకిలు మీద మిత్రుడు వచ్చాడు. ఫిల్ములు కడిగేది ఎప్పుడూ నేనే. నా చేతిలో ఏదీ పాడుకాదని అతని నమ్మకం.

"అన్నా, నా రోలు గూడ మీదాంట్ల కలిపి కడుగున్రి. హాస్టల్ల వంటాయన ఫోటో ఉన్నది, గదే పోటీకి ఇస్త. ఒక్క ఫ్రేము మిగిలింది, ఆగున్రి."

ఆ సమయంలో వెలుతురు కొలిచే నా లైట్ మీటరులో ముల్లు ఇరుక్కుపోయింది. నేను దాన్ని చెవి దగ్గర పెట్టుకుని ఊపుతున్నాను. పక్కన టప్పుమన్న చప్పుడు వినిపించింది. అతను రోలు చుట్టేసి నా చేతిలో పెట్టి, చాయ్ తాగి వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం స్నానాలగది కిటికీకి రగ్గు కట్టి రెండు రోళ్ళూ కడిగాను. నెగెటివులో ముఖం నల్లగా, జుట్టు తెల్లగా ఉంటుంది. అలవాటైన కంటికి అది అడ్డం కాదు. అతని రోలులో ఆఖరిదైన పన్నెండో ఫ్రేము చూసి చేతులు తుడుచుకుని మళ్ళీ చూశాను. నా భార్య నవ్వుతోంది. ఊరికే పళ్ళు కనిపించడం కాదు. తల కాస్త పక్కకు వాలి, చెయ్యి నోటి దాకా వస్తూ మధ్యలో ఆగిపోయింది. ఆ నవ్వు ఇంట్లో ఎన్నోసార్లు విన్నాను, ఎప్పుడూ తీయలేకపోయాను.

ఆమె అతన్ని చూసి అలా నవ్విందనుకున్నాను. నలభై తొమ్మిది సార్లు నాకివ్వనిది ఒక డబ్బా కెమెరాకు ఒక్క క్షణంలో ఇచ్చింది. అతని మీద కోపం, ఆమె మీద కోపం, మంచి కెమెరా కొన్నందుకు నా మీద కోపం. ఇది పోటీకి వెళితే మూడోసారీ బహుమతి అతనిదే. అదీ నా భార్య ముఖంతో.

కత్తెర తీసుకుని ఆ ఒక్క ఫ్రేమునూ కత్తిరించి కవరులో దాచాను. డైరీలో "మిత్రుని 12వ ఫ్రేము పాడైంది" అని రాశాను. యాభై ఏళ్ళకు పైగా రాసిన డైరీల్లో తెలిసి రాసిన అబద్ధం నాకు గుర్తున్నంతలో అదొక్కటే.

సాయంత్రం అతను వస్తే అదే చెప్పాను.

"ఆఖరుది పాడైంది తమ్మీ. వెలుతురు తగిలినట్టుంది."

"పోనీ తియ్యన్నా. వంటాయన మంచిగొచ్చిండా?"

వచ్చాడని, పెద్దది చేసి ఉంచిన ఆ ఫోటో చేతికిచ్చాను. ఆఖరి ఫ్రేము పోయిందని అతను కాస్త బాధపడి ఉంటే నాకు తృప్తిగా ఉండేది. ఈల వేసుకుంటూ వెళ్ళాడు.

దాచిన దాన్ని దాచినట్టు ఉంచలేకపోయాను. నా ఫోటోలు పెద్దవి చేసేటప్పుడు దాన్ని కూడా చేశాను. ఆ రోజుల్లో ఫోటోకు మెరుపు రావడానికి తడి కాగితాన్ని, బొమ్మ ఉన్న వైపు అద్దానికి ఆనేలా అంటించేవాళ్ళం. ఆరితే అదే ఊడి వస్తుంది. గదిలోని కిటికీ అద్దాలకు నావి ఎనిమిదీ, దీన్నీ వరుసగా అంటించాను. గదిలోంచి చూస్తే తొమ్మిదీ తెల్ల కాగితాలే. నా భార్యకు ఏది ఏదో తెలిసే అవకాశం లేదని నిశ్చింతగా పడుకున్నాను. ఆ కిటికీ వాకిట్లోకి ఉందన్న సంగతి నాకు తట్టలేదు.

మరునాడు పొద్దున్నే యజమానురాలి గొంతు వినిపించింది.

"బిడ్డా, ఒకపారి బయటికి రా. అద్దంల ఎనిమిది మంది అలిగి కూసున్నరు, ఒక్కతే నవ్వుతున్నది."

నా భార్య వెళ్ళింది. కాసేపటికి నేనూ వెళ్ళక తప్పలేదు. ఎండ నేరుగా అద్దాల మీద పడుతోంది.

"ఇది మీరు తీసింది కాదు," అంది నా భార్య.

"కాదు. అతను తీసింది. పాడైందని చెప్పాను."

"ఎందుకు?"

"నువ్వు అతన్ని చూసి నవ్వావు."

ఆమె నావైపు వింతగా చూసింది. "ఆయన ఎప్పుడు తీసిండో నాకెర్కనే లేదు. మెడల టేపేసుకొని, మీటరు చెవి కాడ పెట్టుకొని ఊపుతుంటిరి గద, గడియారం ఆగిపోయినోని లెక్క. మిమ్మల్ని చూసే నవ్విన."

ఫోటోను మళ్ళీ చూశాను. నిజమే, ఆమె కళ్ళు కెమెరా వైపు లేవు, పక్కకు ఉన్నాయి. నేను నిలబడిన వైపు. ఊరట కలగాలి. కలిగింది కూడా. కానీ దాని వెనకే ఇంకో మంట మొదలైంది. ఆ నవ్వు నా కోసమే వస్తే, దాన్ని చూసింది అతను. నేను ముల్లును చూస్తున్నాను.

తొమ్మిదిన్నరకు క్యాంపస్ చేరాను. క్లబ్బు మెట్ల మీద వంటాయన ఫోటో పట్టుకుని అతను నిలబడి ఉన్నాడు. నవ్వు ఫోటో ఉన్న కవరిచ్చి, పాడైందన్నది అబద్ధమని చెప్పాను.

అతను ఫోటోను చాలాసేపు చూశాడు. "రోలు ఖతం చేద్దామని నొక్కిన అన్నా," అన్నాడు. "కడిగింది మీరు, పెద్దగ చేసింది మీరు. మీ పేరు మీదనే ఇయ్యిన్రి."

ఒక్క క్షణం ఆశపడ్డానని ఒప్పుకోవాలి. వద్దన్నాను.

"అయితే నా పేరు మీరే రాయున్రి. మీ దస్తూరి మంచిగుంటది."

ఫోటో వెనక అతని పేరు గుండ్రంగా రాశాను. శీర్షిక ఏం పెట్టమంటావని అడిగాను. పోటీకి తెచ్చిన నా ఫోటో వెనక అప్పటికే "స్త్రీ ముఖము, ఉత్తరపు వెలుతురు" అని రాసి ఉంది.

అతను ఆలోచించనైనా లేదు.

"వదిన అని రాయున్రి," అన్నాడు.

రాశాను.