ధనరాజుకు నప్పిన చీర

బరంపురం లంజిపల్లిలో కూర్మారావు నడిపిన వీడియో గేముల గది కుర్రాళ్ళ చేతుల్లోకి ఫోన్లొచ్చాక మూతపడింది. ఆటపెట్టెలన్నీ పాతసామాన్లవాడికి వేసేశాడు గానీ, ఒక కెమెరాను మాత్రం వదల్లేకపోయాడు. ఎదుట నిలబడ్డ మనిషి చెయ్యి ఊపినా, కాలు కదిపినా పసిగట్టి తెరమీద బొమ్మను అలాగే ఆడించే కెమెరా అది. కంపెనీవాళ్ళే దాన్ని తయారుచెయ్యడం ఎప్పుడో మానేశారు.

అదే గదిలో భార్య శాంతి పట్టుచీరల దుకాణం పెట్టింది. చీరలు మడతపెట్టే పని మొగుడికిచ్చి, ఆ మడతలు చూసి వారం తిరక్కుండా తీసేసింది. పనిలేని కూర్మారావు బుర్ర ఊరుకోదు. కంప్యూటర్ ఉద్యోగం చేసే మరదలు చందనను బతిమాలి, ఆ కెమెరాను గోడమీది టీవీకి కలిపించాడు. ఇప్పుడు దాని ముందు నిలబడితే చాలు, టీవీలో మన ఒంటిమీద చీర కట్టినట్టే కనిపిస్తుంది. గుడిగోపురాల వరసలాంటి కుంభాల అంచుతో సహా.

"బావగారూ, ఇది ఎవులు సెయ్యెత్తితే ఆల్నే పట్టుకుంతంది, సూసుకోండి" అని చందన హెచ్చరించింది.

కూర్మారావు కళ్ళు మెరిశాయి.

ఒకరోజు దిగపహండి నుంచి చిట్టమ్మ, ఆమె భర్త ధనరాజు వచ్చారు. ఆయన బియ్యం వ్యాపారి. గుబురు మీసం, నవ్వెరగని మొహం. భార్య టీవీ ముందు నిలబడి చీర మీద చీర మార్పిస్తుంటే, పక్కనే గోడకానుకుని "బస్సెల్లిపోతాది" అని సణుగుతున్నాడు.

"బాబూ, ఆ ఫేను స్విచ్చి కొంచెం ఎయ్యరా? నాకందదు" అన్నాడు కూర్మారావు, మహా వినయంగా.

ధనరాజు చెయ్యెత్తాడు. టీవీలో చిట్టమ్మ ఒంటిమీది చీర మాయమై ఆయన ఒంటికి చుట్టుకుంది. కుంకుమరంగు పైట, దానిపైన మీసం. చిట్టమ్మ నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. శాంతి మొగుణ్ణి నమిలేసేలా చూసింది. కూర్మారావు చీరల దొంతర వెనక్కి జారుకున్నాడు.

ధనరాజు టీవీ దగ్గరకు నడిచాడు. పక్కకు తిరిగి చూసుకున్నాడు. మళ్ళీ ఇటు తిరిగాడు.

"పైట ఇలగ కాదు. ఇంకాస్త బిగించాల" అన్నాడు.

"నీకేటి తెలుసు?" అంది చిట్టమ్మ.

"పెళ్ళికి ముందు ఠాకురాణి అమ్మోరి యాత్రలో ఆడేసం కట్టీవోణ్ణి. మా అమ్మే పోల్చలేకపోయింది."

"ఇన్నేళ్ళూ నాకు సెప్పనేలేదే!"

"నువ్వడిగితే గదా."

చిట్టమ్మ కుర్చీ లాక్కుని కూర్చుంది. "అయితే నువ్వే నిలబడు. నా మోకాళ్ళు లాగేస్తన్నాయి. ఆ ఉల్లిపొర రంగుది సూపించండమ్మా. ఊఁ, ఎనక్కి తిరుగు. కాస్త నడు. ఓలమ్మా, నడుం అలాగ తిప్పకు, నాను తిప్పను!"

దొంతర వెనక నుంచి కూర్మారావు తల బయటికొచ్చింది. బస్సు వెళ్ళిపోయిందని ఎవరికీ గుర్తులేదు. ఉల్లిపొర రంగు చీరే పొట్లం కట్టించుకుని వెళ్ళారు.

ఆ ముచ్చట దిగపహండి అంతా పాకింది. ఆడవాళ్ళు మొగుళ్ళను వెంటబెట్టుకు రావడం మొదలైంది. వాళ్ళు కూర్చుని టీ తాగుతుంటే మగవాళ్ళు చీరల్లో తిరుగుతూ చూపిస్తారు. మొదట బిగుసుకుపోయేవాళ్ళే, కాసేపటికి "ఆ పచ్చది ఓపాలి ఎయ్యండి" అంటారు. తిట్లు మింగేసిన శాంతి ఇంకో నాలుగు కుర్చీలు తెప్పించింది. ఈ కెమెరా పాడైతే దిక్కేమిటని కూర్మారావు పాతసామాన్ల దుకాణాలన్నీ గాలించి, అలాంటివే మరో రెండు సంపాదించాడు. నవ్వాపుకోలేక ఇద్దరు ముగ్గురి చేత తిట్లూ తిన్నాడు.

ఒక మధ్యాహ్నం ధనరాజు ఒంటరిగా వచ్చాడు.

"సిట్టమ్మకే" అన్నాడు, ఎవరూ అడక్కుండానే. "కానీ సూసి తీసుకోవాల గదా."

కూర్మారావుకు నాలుక చివరిదాకా ఏదో మాట వచ్చింది. దాన్ని మింగేసి, వెళ్ళి వీధివైపు తెర దించాడు.