గది ఉష్ణోగ్రత ఇరవై అయిదు

కర్నూలు మే నెలలో, ఏసీ లేని గదిలో చెమటలు కక్కుతూ "గది ఉష్ణోగ్రత ఇరవై అయిదు డిగ్రీలు" అని రాసిన ఘనత నాది. ఒకరోజు కాదు, రెండు వేసవులు రాశాను. డిగ్రీ చదివే రోజుల నుంచి రికార్డు పుస్తకంలో మేమంతా అదే రాస్తాం. థర్మామీటర్ చూసి రాసినవాళ్లను నేనింతవరకు చూడలేదు.

నా పరిశోధన రాతిలో ఇరుక్కున్న చమురు మీద. బావిలోంచి తోడాక కూడా రాతి సందుల్లో చమురు చాలా మిగిలిపోతుంది. సబ్బులాంటి మందు కలిపిన నీళ్లు పంపిస్తే అది రాతిని వదిలి బయటికొస్తుంది. రాతి ముక్కలకు నేనే చమురు పట్టించి చేసే ఆ పరీక్షలకు బేతంచెర్లలో నాపరాళ్లకు పాలిష్ పట్టే ఒక పెద్దాయన గుండ్రటి చిన్న ముక్కలు కోసి ఇచ్చేవాడు. కోసే ముందు పలక ఈ చివర నుంచి ఆ చివరకు మేకుతో ఏటవాలు గీత గీకేవాడు. ముక్కలు వరుసగా పేరిస్తే గీత కలవాలి, కలిస్తేనే అన్నీ ఒకే పలకవి అనేవాడు.

కల్లూరులో అద్దె గది, కాలేజీలో నేనొక్కదాన్నే ఉండే ల్యాబ్. కొన్ని రోజులు షేర్ ఆటోలో "ఈడ ఆపన్నా" అన్న మాట తప్ప నోరు విప్పే పనే ఉండేది కాదు. అందుకే రాళ్లు అక్కర్లేకపోయినా బేతంచెర్ల బస్సెక్కేదాన్ని. ఆయన్ని చాచా అనేదాన్ని.

"రాతిలో నూనె యాడుంటాది బేటీ? ఇన్నేండ్లు కోస్తాండా, నాకు ఒక్క చుక్క కనపళ్ళే" అని నవ్వి చాయ్ తెప్పించేవాడు. ఆ నవ్వు కోసమే పోయేదాన్నని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

చలికాలంలో చమురు బాగా వచ్చింది. ఎండలు ముదిరితే పడిపోయేది. రెండో వేసవిలోనూ అదే కథ. మందు మారలేదు, చమురు మారలేదు, ఉష్ణోగ్రత ఎలాగూ ఇరవై అయిదే. ఇక మిగిలింది రాయి. నేరుగా పోయి పనివాళ్ల ముందే అడిగేశాను.

"ఒకే పలక అని చెప్పి వేరే రాళ్లు కలిపినావు చాచా. నా రెండేళ్లు మట్టిపాలు చేసినావు."

ఆయన మిషన్ ఆపాడు. "గీత సూసినావా బేటీ?" అన్నాడు. నేను వెనక్కి తిరిగి బస్సెక్కేశాను.

కొన్నాళ్లకు కిటికీలో పెట్టిన మందు నీళ్ల సీసా మధ్యాహ్నం మజ్జిగలా తెల్లగా కనిపించింది. మర్నాడు పొద్దున చూస్తే మళ్లీ తేటగా ఉంది. వేడెక్కితే ఈ రకం మందు నీళ్లలో కలిసి ఉండలేదు, విడిపోతుంది, ఇక రాతి దగ్గర దాని పని సాగదు. చదువుకున్న సంగతే. ఆ మధ్యాహ్నం మొదటిసారి గదిలో థర్మామీటర్ పెట్టాను. నలభై ఒకటి.

బల్ల మీద ముక్కలన్నీ వరుసగా పేర్చాను. చలికాలానివి, ఎండాకాలానివి అన్నీ. ఈ చివర నుంచి ఆ చివరకు ఒకటే గీత. కూర్చుని ఏడ్చాను. ఏడుస్తున్నావెందుకని అడిగేవాళ్లు కూడా ఆ గదిలో లేరు.

బేతంచెర్ల పోవడానికి మొహం చెల్లక రెండు నెలలు ఆగాను. పోయి, తప్పు నాదని పనివాళ్ల ముందే చెప్పాను. "పోనీలే, దాంట్లో ఏముండాది" అన్నాడు. చాయ్ తెప్పించాడు. కొత్త పలక తీసి, గీత గీకి, శ్రద్ధగా కోశాడు. రాతిలో నూనె సంగతి ఎత్తలేదు. ముక్కలు గోనెపట్టాలో చుట్టి చేతికిచ్చాడు.

"ఇంగేమన్నా కావల్లా మేడం?" అన్నాడు.