లేదన్న అప్పు

పోయిన నెల మా మనవడి ఉద్యోగం విషయమై విచారణకు పోలీసాయన ఇంటికి వచ్చాడు. సర్కారు తుపాకుల కర్మాగారంలో కొలువంటే ఊరికే ఇవ్వరు కదా, మనిషి ఎలాంటివాడో, ఎక్కడైనా అప్పుల్లో ఉన్నాడేమో అన్నీ అడుగుతారట. మా అబ్బాయి ఛాతీ విరుచుకుని మా ఇంట అప్పన్నదే లేదని చెప్పబోతుంటే, మనవడు మధ్యలో అందుకుని, స్కూటరుకు తీసుకున్న అప్పు ఇంకా తీరలేదని మంచినీళ్లు తాగినంత సులువుగా చెప్పేశాడు. నేను చటుక్కున మా అబ్బాయి ముఖంలోకి చూశాను. ఎందుకో నా ఈడువాళ్లకైతే సగం చెప్పేసరికే తెలిసిపోతుంది.

చాలా ఏళ్ల కిందట మా ఆయనకూ ఇలాంటి విచారణే జరిగింది. అప్పటికి నేను అరవదేశంలో కోవిల్‌పట్టి పక్క నల్లరేగడి పల్లెకు కాపురానికి వచ్చి రెండేళ్లయినా కాలేదు. విరుదునగరాన్ని మా పెద్దవాళ్లింకా విరుదుపట్టి అనే అనేవారు. అక్కడ ఒక సర్కారు కచేరీలో ఖజానా గుమాస్తా పని మా ఆయనకు దాదాపు ఖాయమై, విచారణ ఒక్కటే మిగిలింది. ఆ పని వస్తే వానకోసం ఆకాశంకేసి చూడనక్కరలేని బతుకు మాకు దొరికేది. చూడని ఆ ఊళ్లో, చూడని ఆ ఇంట్లో నేను మనసులో పొయ్యి కూడా వేసేసుకున్నాను.

మా మామగారు బావి తవ్వించడానికి విరుదుపట్టి పత్తి వ్యాపారి దగ్గర అప్పు చేశారు. బావిలో నీళ్లకు బదులు బండ పడింది. ఏటా పత్తి అమ్మగానే వడ్డీ కట్టి వచ్చేది మా ఆయనే. ఇందులో సిగ్గుపడాల్సిందేముందో నాకిప్పటికీ తెలియదు గాని, పరాయివాడి ముందు అప్పు మాట ఎత్తడమంటే మామగారికి తలపాగా తీసి కింద పెట్టినట్టే. చెడ్డమనిషి కాదు, మర్యాద పిచ్చి.

ఇన్‌స్పెక్టరు విచారణకు వస్తాడని శ్రీవిల్లిపుత్తూరు నుంచి పాలకోవా తెప్పించారు. అప్పట్లో ఆకులో కట్టి ఇచ్చేవారు, విప్పితే ఆ వాసన ఇల్లంతా పరుచుకునేది, ఇప్పటి అట్టపెట్టెల కోవాకు ఆ వాసనే లేదు. ఇన్‌స్పెక్టరు మాత్రం ఒక్క ముక్క ముట్టలేదు. అప్పులేమైనా ఉన్నాయా అని అరవంలో నెమ్మదిగా అడిగాడు. మామగారు మీసం దువ్వి, లేవన్నారు. ఆయన మా ఆయనవైపు తిరిగి మళ్లీ అదే అడిగాడు. తండ్రి మాటను పరాయివాడి ముందు కొడుకు కాదనడమన్నది మా ఇళ్లలో లేదు. చెప్పేయండి, చెప్పేయండి అని తలుపు వెనక నేను మనసులో వేడుకుంటూనే ఉన్నాను, మా ఆయన తల వంచుకుని, నాయన చెప్పిందే అన్నారు.

ఇన్‌స్పెక్టరు వెళ్లాక మా అత్త, "ఏమిరా, నోరు లేదా నీకు?" అంది.

"నాయన ముందర ఎట్ల సెప్పేదిమ్మా?" అన్నారు మా ఆయన.

పని రాలేదు. మరుసటి ఏడు మా ఆయన వడ్డీ కట్టబోతే ఆ పత్తి వ్యాపారి చెప్పాడట, ఇన్‌స్పెక్టరు మా ఇంటికంటే ముందు తన దగ్గరికే వచ్చాడని, అప్పుంది గాని వడ్డీ ఒక్కసారీ తప్పలేదు, నమ్మదగిన మనిషని తాను చెప్పి పంపానని. అంటే ఇన్‌స్పెక్టరు అంతా తెలిసే వచ్చాడు, మేం చెబుతామో లేదో చూడడానికి. అప్పు వల్ల పోని పని, అప్పు లేదన్న మాట వల్ల పోయింది.

మా ఆయన కోవిల్‌పట్టి పత్తి మిల్లులో తూకం పనికి చేరి అక్కడే ముసలివారయ్యారు. మామగారు మాత్రం పోయేదాకా విరుదుపట్టి నుంచి ఉత్తరువు వచ్చిందా అని అడుగుతూ, మమ్మల్ని చూసి ఎవరో కళ్లల్లో నిప్పులు పోసుకున్నారని తిట్టుకుంటూ ఉండేవారు. నాకు ఒళ్లు మండేది. ఒకసారి ఆ వ్యాపారి చెప్పిన అసలు సంగతి నేనే చెప్పేస్తానని లేస్తే, మా ఆయన చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టారు.

మనవడికి నిన్న ఉత్తరువు వచ్చింది. ఇంట్లో అందరూ సంతోషపడ్డారు, నేనూ పడ్డాను. తండ్రి మాటకు అడ్డుపడి నిజం చెప్పడం ఈ కాలపు పిల్లలకు తప్పుగా తోచదు, అదీ మంచికే. అయినా ఆ రోజు వాడు అడ్డుపడినప్పుడు మా అబ్బాయి ముఖం చిన్నబోవడం నేను చూశాను, ఇంకెవరూ గమనించలేదు, మనవడు కూడా. తన తండ్రి ముఖం అలా చిన్నబోవడం చూడలేకే మా ఆయన బతుకంతా తూకం దగ్గర నిలబడ్డారు.