పదమూడు చుట్లు

మా మూడు వీధులు కలిసే చోట, నా టైలరు షాపుకు ఎదురుగా, రోడ్డులో మూడు ఇనుప మూతలున్నాయి. ఒక్కో మూత కింద ఒక్కో వీధి వాల్వు. పొద్దున ఐదున్నరకు వాల్వాయన వస్తాడు. భుజం మీద తన ఎత్తున్న ఇనుప కీ. మూత తీసి, కీ లోపలికి దించి, నడుం వంచి తిప్పుతాడు. తిప్పుతున్నంతసేపూ పెదవులు కదులుతుంటాయి. చుట్లు లెక్కపెట్టుకుంటాడన్నమాట. వీధికి నలభై నిమిషాల నీళ్ళు, రోజు విడిచి రోజు.

ఆ వేళకు నేను కాజాలు కుడుతూ ఉంటాను. ఈ వయసులో నా కళ్ళు పనిచేసేది అప్పుడే. కాబట్టి ఆయన తిన్న తిట్లలో సగం నా ముందే తిన్నాడు.

తిట్టేది పై వీధి వాళ్ళు. కింది వీధిలో ధార మణికట్టు లావున పడుతుంది. పై వీధిలో చీపురుపుల్ల లావు. కింది వీధిలో ఆయన అత్తారిల్లుంది. ఇంకేం కావాలి? ఆరేళ్ళుగా ఒకటే పాట, అత్తారింటికి ఏరు పారిస్తున్నాడని. వినీ వినీ నా చెవులే తూట్లు పడ్డాయి. ఆయన మాత్రం “ప్రెషర్ లేదమ్మా” అని మూత వేసుకుని వెళ్ళిపోయేవాడు.

ఆయన వెనకాల అందరికంటే గట్టిగా తిట్టేది సొంత అక్కే. పై వీధిలో చిట్టచివరి ఇల్లు ఆవిడది, వీధి పంపేమో కింద నా షాపు పక్కన. అరవై దాటాయి, రెండు మోకాళ్ళూ అరిగాయి. ఒకప్పుడు పని కాగానే తమ్ముడే ఆవిడ బిందె మోసి ఇంట్లో పెట్టి వచ్చేవాడు. ధార సన్నబడ్డ కొత్తలో ఒకరోజు నడివీధిలో ఆవిడ నిలదీసింది. “నా గొంతు ఎండగట్టి అత్తారింటి గొంతు తడుపుతున్నావట్రా?” ఆయన అందరికీ చెప్పే మాటే ఆవిడకూ చెప్పాడు. ఆవిడ తమ్ముడి చేతిలోంచి బిందె లాక్కుని, కుంటుకుంటూ ఎక్కిపోయింది. అంతే, మాటలు బంద్. ఆయన కూతురికి ఆపరేషనైతే ఆస్పత్రికి వచ్చి, రెండు రోజులు పిల్ల పక్కన కూర్చుని, తమ్ముడి ముఖం చూడకుండానే వెళ్ళిపోయింది. మా మూడు వీధుల్లో అంత పట్టుదల మనిషి ఇంకొకరు లేరు, ఉంటే బతకలేం కూడా.

మూడేళ్ళ కిందట ఒక దర్శకుడు వచ్చాడు. భారతీయ సినిమాలో బాగా పేరున్నవాడు. నీటి ఎద్దడి మీద సినిమా తీస్తాడట. నాలుగు రోజులు వాల్వాయన వెనకే తిరిగాడు. నాలుగో రోజు నా షాపు అరుగు మీద కూర్చోబెట్టి చాలాసేపు మాట్లాడించాడు. నన్ను అవతలికి వెళ్ళమన్నారు, నా అరుగు మీంచి నన్నే! పోతూ పోతూ వాల్వాయన పాత ఖాకీ చొక్కా కావాలని, కొత్తది ఇచ్చి పట్టుకెళ్ళాడు. ఆ చొక్కా జేబుకు ముదురాకుపచ్చ మాసిక వేసింది నేను. ఖాకీ దారం అయిపోతే అదే వేశాను.

ఇక ఆ సినిమా కోసం ఎదురుచూడ్డం మొదలైంది. పై వీధి వాళ్ళకు ఆశ, అది చూసి ఎవరైనా కొత్త పైపు వేస్తారని. కింది వీధి వాళ్ళకు భయం, తమను దొంగల్లా చూపిస్తారని. నాకు నా మాసిక. రిలీజు రెండుసార్లు వాయిదా పడింది. పడ్డప్పుడల్లా వాల్వాయన ముఖం ఇంకొంచెం వాడిపోయేది.

“నీకెందుకయ్యా అంత ఆత్రం? నువ్వేమన్నా హీరోవా?” అన్నాను ఒకసారి.

“సినిమా వస్తే అక్కకి తెలుస్తుంది.”

“ఏం తెలుస్తుంది?”

“తెలుస్తుందిలే.” అరుగు మీద కూర్చుని నడుం పట్టుకున్నాడు. “రిటైరవడానికి ఇంకా రెండేళ్ళుంది. అలిసిపోయాను టైలరుగారూ. ఈలోపు ఒక్కసారి మా అక్క నాతో మాట్లాడితే చాలు.”

పోయిన నెల ట్రైలరు వచ్చింది. సాయంత్రానికి మూడు వీధుల్లో ప్రతి ఫోనులోనూ అదే. నేను పదకొండుసార్లు చూశాను. హీరో ఒంటి మీద అదే ఖాకీ చొక్కా, జేబు మీద నా ముదురాకుపచ్చ మాసిక, రెండు క్షణాలు. మిగతాది నేను సరిగ్గా చూళ్ళేదని ఒప్పుకోవాలి. హీరో కీ తిప్పుతూ, “ఏడు, ఎనిమిది, తొమ్మిది” అని ఆగి చెమట తుడుచుకుంటాడు. బిందె పట్టుకున్న ఒకావిడ “ఆపేశావేం?” అంటుంది. “ఇంతే తిరుగుతుందమ్మా” అంటాడు. అందులో ఏముందో నాకు తట్టలేదు. ఎవరికీ తట్టలేదు.

మర్నాడు ఐదింటికే వాల్వాయన అక్క ఖాళీ బిందెతో వచ్చి నా అరుగు మీద కూర్చుంది. ఆయన వచ్చి, అక్కను చూసి, తల దించుకుని పై వీధి మూత తీశాడు. ఆవిడ లేచి పక్కన నిలబడింది. ఆయన తిప్పడం మొదలుపెట్టగానే పైకే లెక్కపెట్టింది. ఒకటి, రెండు, మూడు... తొమ్మిది దగ్గర ఆయన చెయ్యి ఆగింది.

“ఇంకా నాలుగున్నాయి” అంది.

ఆరేళ్ళ తరవాత తమ్ముడితో ఆవిడ అన్న మొదటి మాట అది.

“ఇంతే తిరుగుతుందక్కా.”

“ఆ మాట సినిమాలో చెప్పించుకో, నాకు చెప్పకు. ఉద్యోగంలో చేరిన కొత్తలో మా ఇంట్లో కూర్చుని నువ్వేగా అన్నావు, మీ వీధి వాల్వుకి మహా బద్ధకం, పదమూడు చుట్లు తిప్పితే గానీ పూర్తిగా తెరుచుకోదని? నీ వేళ్ళు పట్టుకుని లెక్కలు నేర్పింది నేనురా. నాకు తొమ్మిదికీ పదమూడుకీ తేడా తెలీదా?”

ఆయన కీ మీద బరువంతా వేసి నిలబడ్డాడు. “ఈ మలుపు కింద జాయింటు చీలిందక్కా. పూర్తిగా తిప్పితే పైపు పగిలిపోతుంది. వారం రోజులు మూడు వీధులకీ చుక్కుండదు. మార్చండి మహాప్రభో అని ఎన్నిసార్లు రాసిచ్చానో. ‘మారుస్తాం, అప్పటిదాకా బయటికి పొక్కిందో, నీ ఉద్యోగం ఉండదు’ అన్నారు ఆఫీసులో.”

“ఎన్నాళ్ళయింది?”

“ఆరేళ్ళు.”

నా ఒళ్ళు మండిపోయింది. ఆరేళ్ళుగా ఆ మోకాళ్ళు ఎక్కి దిగిన ఎత్తు నాకు తెలుసు. ఆఫీసును తిట్టాలో ఈయన్ని తిట్టాలో తెలియక, దారం పళ్ళ మధ్య పెట్టుకుని కూర్చున్నాను.

“దారిన పోయే సినిమావాడికి చెప్పావు. నాకు చెప్పలేదు” అంది ఆవిడ.

“నీకు చెబితే...”

“వీధంతా చాటేస్తాననేగా? నా నోట్లో నువ్వుగింజ నానదనేగా?”

“అవునక్కా” అన్నాడు ఆయన.

చెంప పగలగొడుతుందనుకున్నాను. ఆవిడ ఏడ్చింది. కొంగుతో ముక్కు తుడుచుకుని, పంపు కింద బిందె పెట్టింది. నిండడానికి చాలాసేపు పట్టింది.

నిండాక తమ్ముడితో, “ఎత్తు. నా వల్ల కాదు” అంది. ఆయన బిందె భుజానికెత్తుకున్నాడు. గోడకు ఆనించిన కీ ఆవిడ తీసుకుంది, తీసుకుని తూలింది.

“ఇంత బరువా ఇది?”

“అలవాటైపోయిందక్కా.”

ఇద్దరూ మెల్లగా ఎత్తు ఎక్కారు. మధ్యలో రెండుసార్లు ఆగారు.

సినిమా మళ్ళీ వాయిదా పడింది. వాల్వు తొమ్మిది చుట్లే తిరుగుతోంది. పై వీధి వాళ్ళ తిట్లూ తగ్గలేదు. నిన్న పొద్దున పంపు దగ్గర ఒకావిడ వాల్వాయన అక్కను ఎత్తిపొడిచింది. “మీ తమ్ముడు సినిమా ఎక్కుతున్నాడటగా వదినా? నీళ్ళమ్ముకున్న కథేనా?”

నేను సూది ఆపాను. ఇదివరకైతే అందరికంటే ముందు నోరు చేసుకునే మనిషి.

“నాకేం తెలుసమ్మా, సినిమా రానీ” అంది ఆవిడ, సన్నటి ధార కిందికి బిందె సరిగ్గా జరుపుకుంటూ.