చెల్లెలి నాలుగు వందల పుస్తకాలు

బాన్సువాడలో మా వీధి మొత్తానికి రెండు బీరువాల పుస్తకాలున్న ఇల్లు నాదొక్కటే. టీచరు జీతంలో మిగిల్చి, సెలవు దొరికినప్పుడల్లా నిజామాబాద్ బస్సెక్కి, పాత పుస్తకాల దుకాణాల్లో దుమ్ము పీల్చి ఇరవై ఏళ్లు కూడబెట్టాను. చెల్లెలు పెళ్లయ్యేదాకా బడి పుస్తకం తప్ప ఇంకోటి ముట్టిన పాపాన పోలేదు. అలాంటిది, ఇంట్లో కంప్యూటర్ పెట్టుకున్న కొత్తలో ఒక పెన్ డ్రైవ్ తెచ్చి నా ముఖం ముందు ఊపింది.

"అక్కా, గీ దాంట్ల నాలుగు వందల పుస్తకాలున్నయ్. అన్నీ నెట్ల ఫ్రీగ దొరికినయ్."

కడుపు మండిపోయింది. నేను వెతికి వెతికి వదిలేసిన పాత పుస్తకాలు కూడా అందులో ఉన్నాయట.

"కరెంటు పోతే ఏం జేస్తవ్?" అని మాత్రం అన్నాను.

అంతటితో పోతే బాగుండేది. నా దగ్గరే ఉండే బాపు, రోజూ వాకిట్లో నా పుస్తకం పట్టుకుని కూర్చునే బాపు, పొద్దున చాయ్ తాగగానే రెండు వీధుల అవతల చెల్లెలింటికి పోవడం మొదలుపెట్టాడు. భోజనానికి వచ్చి, అక్కడ చదివిన కథ నాకు చెప్పేవాడు. ఆ పుస్తకం నా బీరువాలోనే ఉంది! నా ఇంట్లో చేదైంది దాని ఇంట్లో తీపెట్లా అయింది?

ఓర్వలేక నేనూ బస్టాండు దగ్గరి నెట్ సెంటర్‌కు వెళ్లాను. నేనూ ఒక పెన్ డ్రైవ్ కొని, దసరా సెలవులన్నీ అక్కడే గడిపి ఐదు వందల పుస్తకాలు దాటించాను. చదవడానికి నాకు కంప్యూటర్ లేదన్న సంగతి ఆ పంతంలో గుర్తుకే రాలేదు. చివరికి చెల్లెలి కంప్యూటర్‌లోనే పెట్టి చూపించి, దాని నోరు మూయించాలని బయల్దేరాను.

బాపు తెరకు జానెడు దూరంలో కూర్చుని ఉన్నాడు. ఒక్కో అక్షరం బొటనవేలంత ఉంది, వరుసకు మూడే మాటలు. చెల్లెలు పక్కన కూర్చుని బియ్యం ఏరుతూ, ఆయన చెయ్యెత్తినప్పుడల్లా మౌస్ కదుపుతోంది.

"గింత పెద్దగ ఎందుకే?" అన్నాను.

అది నన్ను వింతగా చూసింది. "బాపుకు అచ్చు కనవడక ఏడాదాయె గదా అక్కా. పెండ్లి పత్రిక నాతోని చదివిచ్చుకుంటే తెల్సింది. దవాఖానకు తోల్కపోతే కండ్లద్దాలతోని కాదన్నరు. నీకు తెల్వదా?"

నాకు తెలియదు. ఆ ఏడాదంతా బాపు నా పుస్తకం ఒళ్లో పెట్టుకుని పేజీలు తిప్పుతూనే ఉన్నాడు. ఎట్లుందని అడిగితే "మంచిగుంది బిడ్డా" అనేవాడు. నేను మురిసిపోయి ఇంకోటి తెచ్చి ఇచ్చేదాన్ని.

"నాకెందుకు చెప్పలే బాపూ?"

"అంత ఇష్టంగ తెచ్చిస్తివి," అన్నాడు, తెర మీంచి కళ్లు తిప్పకుండానే. "కనవడ్తలేదని నీతోని ఎట్లంటా బిడ్డా?"

పెన్ డ్రైవ్ సంచిలోంచి తీయలేదు. పుస్తకాల మీద అసూయ ఆ రోజే చచ్చిపోయింది. కానీ బాపు ఆ పెండ్లి పత్రిక నాకు కాకుండా దాని చేతికిచ్చాడే, ఆ మంట మాత్రం ఇప్పటికీ ఆరలేదు.