వాచీకి ఎక్కిన దెబ్బలు

గోల్ఫ్ వాచీని ఎడమ చేతికే కట్టుకోవాలి. బంతిని కొట్టేటప్పుడు ముందుండేది ఆ చెయ్యే. చెయ్యి పైకి లేచి, వేగంగా కిందికొచ్చి, చివర్లో ఒక అదురు తగిలితే లోపలి సెన్సర్ దాన్ని షాట్‌గా రాసుకుంటుంది. ఎక్కడ నిలబడి కొట్టామో జీపీఎస్ గుర్తు పెడుతుంది. ఊరికే గాలిలో ఊపితే రాసుకోదు. తగలాలి. ఏం తగిలిందో దానికి అక్కర్లేదు.

నేను ఫ్లాట్లు అమ్ముతాను. ఆఫీసు పెద్దలతో తిరగడానికే ఆ ఆట నేర్చుకున్నాను. ఆ రోజు కోట పక్క గోల్ఫ్ మైదానంలో వాళ్ల ముందు చెత్తగా ఆడి, సగంలోనే వచ్చేశాను. వాచీలో ఆట ముగించడం మరిచిపోయాను. కార్వాన్‌లో మా బర్రెల కొట్టానికి వెళ్లేసరికి తమ్ముడు ఒక్కడే ఉన్నాడు, దున్నకు నూనె పట్టిస్తూ. దున్నల పండగ సదర్ దగ్గర పడింది. దూడప్పటి నుంచి వాడే సాకిన దున్న అది. పండగనాడు వీధుల్లో నడిపించాలని ఏడాదంతా మేపాడు.

"ఏందన్నా, సార్లతోని గోటీలాడొచ్చినవా? గోటీ బొక్కల పడ్డదా లేదా?"

"నోరు మూస్కో."

"అరే, ఫికర్ జెయ్యకు. గా పేడ తట్ట ఎత్తు జర. దానికి గురి అక్కర్లే."

మైదానంలో ఎవరూ నవ్వలేదు, మర్యాదగా చూపు తిప్పుకున్నారు. వీడు నవ్వాడు. గోడకు ఆనించిన కర్ర తీసుకుని రెండు చేతులతో కొట్టాను. వాడు తలకు చెయ్యి అడ్డం పెట్టాడు. ఎముక విరిగిన చప్పుడు వినబడింది. మణికట్టు మీద వాచీ సన్నగా వణికింది. షాట్ అనుకుని, ఏ కర్రతో కొట్టావని తెర మీద అడిగింది. చదివాను. చదివాక కూడా కొట్టాను, భుజం మీద. వాడు పడిపోయాక వీపు మీద కూడా.

దున్న బెదిరి పలుపు తెంపుకుంది. ఆ గోలకు బాపు ఇంట్లోంచి పరుగెత్తుకొచ్చాడు.

"ఏమైందిరా?"

"దున్న కుమ్మింది బాపూ" అన్నాను.

తమ్ముడి నోట్లోంచి నెత్తురు కారుతోంది. నా వైపు చూశాడు. అన్న మీద బాపుకు చెప్పడం వాడికి చిన్నప్పటి నుంచీ చేతకాదు.

ఇంటి మనిషి నెత్తురు చూసిన దున్నను మేం సదర్‌లో నడిపించం, కొట్టంలో ఉంచం. మర్నాడు పొద్దునే పశువుల బేరగాడి బండి వచ్చింది. చేతికి కట్టుతో తమ్ముడు అడ్డం నిలబడ్డాడు.

"దాని తప్పు లేదు బాపూ. అమ్మకు."

"నీ చెయ్యి ఇరగ్గొట్టినదాన్ని సాదాల్నా?"

బాపు దాన్ని గుంజకు కురచగా కట్టి గొలుసుతో కొట్టాడు. తోలు చిట్లింది. నోట నురగ కక్కుతూ అది అరిచింది. మళ్లీ కొట్టాడు.

"జల్దీ కరో భాయ్" అన్నాడు గేటు దగ్గర బేరగాడు.

తమ్ముడు బాపును చూడటం లేదు. నన్నే చూస్తున్నాడు.

"బాపూ, దున్న కాదు. నేనే కొట్టిన" అన్నాను.

"వీడు చెప్పమన్నడా? దున్న కోసం ఇద్దరు గల్సి నాటకమా?" గొలుసు మళ్లీ లేచింది.

ఫోన్ తీసి ఆయన ముందు పెట్టాను. వాచీ రాసుకున్నదంతా అందులో మ్యాప్ మీద చుక్కలుగా ఉంది. అన్నీ మైదానంలో ఉన్నాయి, మూడు మాత్రం మా కొట్టంలో. ఇళ్లకు పాలు పోయడానికి రోజూ మ్యాప్ చూసే బాపుకు వివరించాల్సిన పని లేకపోయింది.

"మూడు సార్లా?"

"మూడు సార్లు."

గొలుసు కింద పడింది. నేను తల వంచుకుని నిలబడ్డాను. ఆయన నన్ను కొట్టలేదు. బండి ఖాళీగా వెళ్లిపోయింది.

గాయాలకు పసుపు పెట్టడానికి బాపు వంగితే దున్న వణికి, గుంజ చుట్టూ తిరిగి పక్కకు జరిగింది. ఆయన పిలిచిన కొద్దీ ఇంకా వణికింది. తమ్ముడికి చెయ్యి ఆడదు. ఆ పని నాకొచ్చింది. నేను దగ్గరికెళితే కదల్లేదు. చిట్లిన తోలు మీద వేళ్లు పెట్టినా నిలబడింది, నా మోచెయ్యి నాకింది.

"బాపూ, నువ్వు జర దూరముండు" అన్నాడు తమ్ముడు.

సదర్ రోజు తమ్ముడు ఎడమ చేత్తో పలుపు పట్టుకుని దున్నను నడిపించాడు. దానికి కనబడకుండా, జనం వెనకాల, బాపు ఒక్కడే నడిచాడు.