పేరు వద్దన్న అవ్వ వేలిముద్ర

వనపర్తిలో మేము కొందరం కలిసి నడిపే అన్నదాన సంఘంలో ఫిర్యాదుల పెట్టె పెట్టి రెండు నెలలైంది. ఇప్పటిదాకా అందులో ఒక్క కాగితమూ పడలేదు. అందరూ సంతోషంగా ఉన్నారని మా కార్యదర్శి పొంగిపోతుంటారు.

ఈ రోజు వడ్డన అయ్యాక, రోజూ భోజనానికి వచ్చే బాలమ్మ అవ్వ నన్ను పక్కకు పిలిచింది.

“బిడ్డా, జర ఓ కాయితం రాసియ్యి. మా వాడోళ్లను ఎప్పుడూ ఆఖరి బంతిలనే కూసోబెడ్తున్రు. గప్పటికి పప్పు నీళ్లయితది. నా పేరు మాత్రం రాయకు. తెలిస్తే రేపటి సంది రానియ్యరు.”

ఎవరు ఏ బంతిలో కూర్చోవాలో చెప్పేది కార్యదర్శే. నా రాత ఆయన గుర్తుపడతారని అక్షరాలు వంకరటింకరగా మార్చి రాశాను. అవ్వ కాగితాన్ని తిప్పి చూసి, “ఏలుముద్ర ఏడ ఎయ్యాలె?” అంది.

“ముద్రేస్తే నువ్వేనని తెలుస్తది గదా అవ్వా!”

అవ్వ బొటనవేలు ముందుకు చాపింది. “తెలిస్తే తెల్వనీ తీ. ముద్ర లేంది ఎవరు నమ్ముతరు?”

ఆ కాగితం చింపేసి, నా మామూలు రాతలో మళ్లీ రాశాను. అవ్వ ముద్ర వేసింది. పక్కన నేను సంతకం పెడుతుంటే నా చెయ్యి పట్టుకుంది.

“నువ్వెందుకు బిడ్డా? నిన్నేమన్న అంటరేమో!”

ఇన్నాళ్లూ ఆమెకు ఆ నీళ్ల పప్పు వడ్డించిన ఆ చేత్తోనే సంతకం పూర్తి చేశాను.

మీ సంఘంలోనూ పెట్టె ఖాళీగా ఉందా? ఒక్కరోజు ఆఖరి బంతిలో కూర్చుని తిని, పప్పు ఎలా ఉందో ఇక్కడ రాయండి.